ధాన్యం బండి

ఫ్యాను వెయ్యకూడదు. అది మొదటి నియమం.
స్టోన్‌హౌస్‌పేటలో, మూతబడ్డ ప్రెస్సు మేడ మీద,
మే నెల రెండో ఆదివారం
ఆరుమూలల గళ్లుగా కోసిన ఉదయగిరి చుట్టూ
ఐదుగురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం.
రెక్క తిరిగిందంటే
రాయల ఏనుగులూ గజపతుల విలుకాళ్లూ
ఒకే గాలికి లేచిపోయి
బీరువా కింద కలుసుకుంటారు.
పోయిన వేసవిలో జరిగిందది.

బిళ్లలు మస్తాన్ సాయెబు కోసినవి.
ప్రెస్సు మూసేనాడు జీతం బాకీ కింద
యజమాని అంటగట్టిన పెళ్లిపత్రికల కట్టలు,
పేరు తప్పుపడో, ముహూర్తం మారో, మనసే మారో
ఎవరూ తీసుకుపోనివి.
వాటి ముఖాన తెల్లకాగితం అతికించి
బలమెంతో నడకెంతో సన్నటి సిరాతో రాశాడు.
నాలుగు-మూడు, కాల్బలం.
ఆరు-ఐదు, గుర్రం.
సున్నా-రెండు, ధాన్యం బండి.
అది కొట్లాడదు.
అది లేని దళానికి మాత్రం బలం సగం.

కొండను గీసింది ప్రభుదాసు,
సర్వే శాఖలో గొలుసు లాగినవాడు.
దక్షిణాన ఒక్క గడి ఖాళీగా వదిలేశాడు.
"ఆడంతా ముళ్లకంప. నేను పోలా.
పోని చోటు గియ్యను."

కోట పెంచలయ్యది. ఎప్పుడూ కోటే అడుగుతాడు.
ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్లు టికెట్లు కొట్టిన మనిషి.
"ముట్టడంటే నాకు కొత్తేంది అబ్బయా,
పండగనాడు కావలి బస్సులో చూసిందేగా!"
బయటి సేన నాది.
చరిత్రలో ఏడాదిన్నర పట్టిందంటారు.
మాకు పద్దెనిమిది ఎత్తులు, నెలకొకటి.
ఆరింటికి మేడకి తాళం వెయ్యాలి.

మధ్యాహ్నం క్యారియర్ మూత తీస్తే
మామిడికాయ వేసిన చేపల పులుసు
కొండంతా వాసనేసింది.
పెంచలయ్య గ్లాసుడు మజ్జిగ తాగి జరిగి కూర్చున్నాడు.
"లోపలోళ్లు తిన్లేదు గదా."
నవ్వాం.
అతను నవ్వాడో లేదో నేను చూడలేదు,
ముల్లు తీస్తున్నా.

పదమూడో నెలలో
వేలితో ఒక్కో గడినీ తాకుతూ ఆగిపోయాడు.
"ఈడో బండి ఉండాల్నే."
కుర్చీల కింద చూశాం, చాప దులిపాం,
మస్తాన్ చొక్కా జేబు కూడా తిరగేశాడు.
చివరికి సరళకుమారి టీచరు
నియమాల పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి చెప్పింది:
"పటం మీద లేనిది లేదు."

అక్కణ్ణుంచి అంతా సగమే.
నా పాచిక ఐదు పడింది. మళ్లీ ఐదు.
చచ్చిన దళాలను మిఠాయి డబ్బా మూతలో
బోర్లా వెయ్యడం మా ఆచారం.
తనవాళ్లను తనే ఏరి వేశాడు పెంచలయ్య.
వాళ్ల వీపుల మీద బంగారు అక్షరాలు:
చి.ల.సౌ.
బంధుమి
సుముహూర్త
మదర్పిత చందన తాం
ఒకదాని మీద ఏ అక్షరమూ లేదు,
అరటాకు బొమ్మ కొస మాత్రం.

ఐదూ నలభైకి కోట పడింది.
చెయ్యి కలిపాడు. తడిగా ఉంది, నాదీ అంతే.
అప్పుడు ఫ్యాను వేశాం.

బుచ్చి బస్సు పెన్న వంతెన మీదికొచ్చింది.
కిటికీలోంచి ఇసుక వాసనతో గాలి.
చెమట ఆరుతుంటే మోచేతి దగ్గర
ఏదో చర్మాన్ని పట్టి లాగినట్టుంది.
గోటితో తీశాను.
సున్నా-రెండు.

ఏ నెలలో వాలానో ఆ పటం మీద,
దూరపు గడి అందక, ఒళ్లు మరిచి.
తిప్పి చూస్తే వెనకాల,
విందు: ప. 12 గం.లకు.

కోవూరు దాకా చేతిలోనే పెట్టుకొని
ఫోన్ చేశాను.
చెప్పాను.
అవతల టీవీ శబ్దం, కుక్కర్ కూత,
తర్వాత అవి కూడా లేవు.
తలుపు దాటి బయటికొచ్చుంటాడు.

గెలుపు సంగతి ఎత్తలేదు.
"తడవనీబాకు అబ్బయా," అన్నాడు,
"మొలగొలుకులుండాయి దాంట్లో."